దయచేసి ముగించండి

నేను ఒక అట్టముక్కను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. నా ఒంటి మీద ఎర్ర సిరాతో రెండే రెండు మాటలు రాసి ఉంటాయి: "దయచేసి ముగించండి". సభల్లో ఉపన్యాసం శ్రుతి మించినప్పుడు వేదిక మీది పెద్దలు చడీచప్పుడు లేకుండా వక్త ముందుకు జరిపే చీటీని నేనే. మీరెప్పుడైనా సభకు వెళ్ళి, వెనక వరుసలో కూర్చుని, పదే పదే గడియారం చూసుకున్నవారైతే నా కోసం ఎదురుచూసే ఉంటారు. మీ మొర ఆలకించడానికే పుట్టాను. ఆలకించాను కూడా. అయితే నా మొర ఆలకించినవాళ్ళు మాత్రం చాలాకాలం దాకా ఎవరూ లేరు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఏదో మిల్లులో పాత కాగితాలనీ పుస్తకాలనీ నానబెట్టి, ముద్ద చేసి, ఒత్తి, ఆరబెట్టి నన్ను తీశారు. ఆ ముద్దలో ఎవరిదో ఉపన్యాసాల సంపుటి ఒకటి తప్పకుండా కలిసి ఉంటుంది. లేకపోతే నా నుదుట ఈ రాత ఎందుకుంటుంది? తర్వాత కొన్నాళ్ళు ఒక కొత్త చొక్కా మడతలో, దాని వీపు వంగకుండా ఆసరాగా ఉన్నాను. నా జీవితంలో సుఖపడ్డ రోజులంటే అవే.

ఆ చొక్కా కొన్నది మాడిశెట్టి రాజలింగం గారు. రిటైరైన హెడ్మాస్టరు, వరంగల్‌కు గంట ప్రయాణంలో ఉన్న ఒక ఊళ్ళో సాహితీ మిత్రమండలికి కార్యదర్శి. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి వక్తలంతా నన్ను ఖండిస్తూ సభ పెడతారు, ఆ సభ ఎప్పటికి ముగుస్తుందో దేవుడికే తెలియాలి. అంతకు ముందు ఏడాది వార్షికోత్సవంలో ఒక వక్త మైకు పట్టుకుని రెండు గంటలు వదల్లేదు. సన్మానం అందుకోవలసిన పెద్దాయన కుర్చీలోనే నిద్రపోతే, నిద్రలోనే శాలువా కప్పవలసి వచ్చింది. ఫోటోలో చూస్తే చలికి దుప్పటి కప్పినట్టే ఉంది. ఆ అవమానం రాజలింగం గారు మరిచిపోలేదు. కొత్త చొక్కా మడత విప్పగానే నేను కనబడ్డాను. "గిది మంచిగ గట్టిగున్నది" అని ముచ్చటపడి, కత్తెరతో నన్ను సగానికి కోసి, స్కేలు పెట్టి గీతలు గీసి మరీ ఆ రెండు మాటలూ రాశారు. హెడ్మాస్టరు గారి దస్తూరి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాలు చూసుకుని నేను కూడా మురిసిపోయాను. ఇక ఈ ఊళ్ళో సభలన్నీ నా చెప్పుచేతల్లో ఉంటాయనుకున్నాను. ఎంత అమాయకత్వం!

మొదటి సభలోనే ఒకాయన నన్ను అందుకుని, చెమట పట్టిందని విసురుకున్నాడు. కరెంటు లేదులెండి, పాపం. ఇంకొకాయన నన్ను కళ్ళద్దాల దగ్గరికి పెట్టుకుని చదివి, చిరునవ్వు నవ్వి, "ముగించమంటున్నరు. ముగిస్త. ముగించే ముందు మూడు విషయాలు" అన్నాడు. మూడో విషయంలో మళ్ళీ ఏడు భాగాలున్నాయి. ఒక కవిగారైతే నన్ను చదవనే లేదు, మంచినీళ్ళ గ్లాసు మీద మూతగా పెట్టుకున్నాడు. ఇన్ని మాటలెందుకు, రాజలింగం గారే స్వాగతం పలుకుతూ "రెండే రెండు ముక్కలు" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడేవారు. అంతసేపూ నేను ఆయన చేతిలోనే ఉండేదాన్ని. మనిషికి తన చేతిలో ఉన్న చీటీ కనిపించదు. ఎదుటివాడికి ఇచ్చేటప్పుడే దాని మీద అక్షరాలుంటాయి.

అలా మూడేళ్ళు గడిచాక ఒక సభకు డాక్టర్ తాటిపాముల విమల వచ్చారు. ఆ ఊరి డిగ్రీ కాలేజీలోనే పాఠాలు చెబుతారు. ఏ దేశంలో మనుషులు సభల్లో ఎలా మాట్లాడారో, ఎదుటివాళ్ళను ఎలా ఒప్పించారో, ఆ విద్యను ఎవరు ఎవరికి ఎలా నేర్పారో పన్నెండేళ్ళుగా చదువుతున్న మనిషి. ఆరుగురు వక్తల్లో ఆమె నాలుగో మనిషి. గంట ఉపన్యాసం రాసుకుని వచ్చారు, ఇచ్చింది పది నిమిషాలు. ఏథెన్స్ నగరంలో కోర్టులో మాట్లాడేవాడి పక్కన ఒక కుండ పెట్టేవారనీ, కుండకు అడుగున రంధ్రం ఉండేదనీ, నీళ్ళు అయిపోతే మాట కూడా అయిపోవలసిందేననీ ఆమె చెబుతుండగా రాజలింగం గారు నన్ను ముందుకు తోశారు. ఆమె నన్ను చూశారు. "సమయమైంది. నమస్కారం" అని వెళ్ళి కూర్చున్నారు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అవి నాకు లేకపోవచ్చు, ఉంటే ఆడేవి కావు. సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అయిపోయిందని ఎవరికీ నమ్మకం కలగలేదు. మైకు అతను పరుగున వచ్చి వైరు ఊడిందేమోనని లాగి చూశాడు.

సభ అయ్యాక ఆమె రాజలింగం గారి దగ్గరికి వచ్చారు. "సార్, ఆ చీటీ నాకిస్తరా?"

ఆయన గాభరా పడ్డారు. "అయ్యో మేడం, మీరేమనుకోకుండ్రి. కావాల్నని పెట్టలే. అలవాటుల చెయ్యి పోయింది."

"నేనేమనుకోలే సార్. మా పిల్లలకు చూపిస్త. పన్నెండేండ్ల సంది నేను చదువుతున్నదంతా గీ అట్టముక్క మీదనే ఉన్నది."

ఆ మాటకు అర్థం నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. మాట్లాడడం గురించి పుస్తకాలు రాసినవాళ్ళు కోకొల్లలు. విమల మేడం వెతుకుతున్నది అది కాదు. మాట్లాడేవాణ్ణి ఏ దేశం ఎలా ఆపింది, ఆపాక వంతు ఎవరికి ఇచ్చింది? ఇదీ ఆమె పట్టుకున్న దారం. దాని మీద "దేశదేశాల వక్తృత్వ చరిత్ర" అని డిగ్రీలో ఒక ఐచ్ఛిక పేపరు పెట్టించారు. ఆ ఏడాది పద్నాలుగు మంది చేరారు. చరిత్ర మీద ప్రేమతో చేరారని ఆమె నమ్మకం. ప్రాక్టికల్స్ లేవని చేరారని నాకు తెలుసు. డెస్కుల కింద వాళ్ళు చెప్పుకునే మాటలు నాకు వినిపిస్తాయి కదా.

కానీ ఆ తరగతి చూడాలి మీరు! కెమిస్ట్రీ ల్యాబు నుంచి అడుగున కుళాయి ఉన్న బ్యూరెట్ గొట్టం తెచ్చి నీళ్ళు పోసి, అవి కారిపోయేలోపు ఒకణ్ణి దొంగతనం కేసులో వాదించమనేవారు. సాక్ష్యం చదువుతున్నప్పుడు నీళ్ళు ఆపాలి, ఏథెన్స్‌లో అదే పద్ధతి. దాంతో మన కుర్రాళ్ళు వాదన మానేసి సాక్ష్యాలే చదవడం మొదలుపెట్టారు. ఇంకో రోజు మన తర్కశాస్త్రం. వాదంలో మనిషి ఓడిపోయే చోట్లు మనవాళ్ళు ఇరవై రెండు లెక్కపెట్టారు: చెప్పిందే చెప్పినా ఓటమే, అవసరానికి మించి చెప్పినా ఓటమే, సంబంధం లేనిది చెప్పినా ఓటమే. ఈ లెక్కన మా సాహితీ మిత్రమండలిలో స్వాగతోపన్యాసం దాటి నిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా గీత దాటినప్పుడల్లా నన్ను వాళ్ళ ముందు పెట్టడం తరగతిలో ఆనవాయితీ అయింది. నా మాట చెల్లుబాటయ్యే చోటు ఒకటి దొరికిందని నాకు ఎంత సంతోషమో.

ఆ పద్నాలుగు మందిలో భూక్య సాలమ్మ ఒకరు. నలభై ఒక్క ఏళ్ళు. అంతకు ముందు ఐదేళ్ళు వాళ్ళ ఊరికి సర్పంచు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పాసై డిగ్రీలో చేరింది. ముందు బెంచీలో కూర్చుంటుంది, అన్నీ రాసుకుంటుంది, నోరు మాత్రం విప్పదు. ఒకరోజు విమల మేడం ఘనా దేశంలో ఆకాన్ రాజుల సభ గురించి చెప్పారు. అక్కడ రాజు సభలో నేరుగా మాట్లాడడు, రాజుతో కూడా ఎవరూ నేరుగా మాట్లాడరు. పక్కన కర్ర పట్టుకుని ఒక ప్రతినిధి ఉంటాడు, మాటలన్నీ అతని మీదుగానే అటూ ఇటూ నడుస్తాయి. అప్పుడు సాలమ్మ మొదటిసారి చెయ్యెత్తింది.

"నేను ఐదేండ్లు అట్లనే సర్పంచ్ చేసిన మేడం. మీటింగుల నేను కుర్చీల కూసునేది, మా ఆయన మాట్లాడేది. కాకపోతే ఆడ రాజు చెప్పింది చెప్తడట. మా ఆయన నేను చెప్పంది చెప్పేటోడు."

తరగతి గొల్లుమని నవ్వింది. సాలమ్మ కూడా నవ్వింది. విమల మేడం నవ్వలేదు. "గందుకేనా సాలమ్మా కాలేజీకి వచ్చింది?" అని అడిగారు. "గందుకే మేడం" అంది సాలమ్మ. ఆ రోజు నన్ను ఎవరి ముందూ పెట్టలేదు.

అంతా బాగుందనుకునే వేళకు ప్రిన్సిపల్ యాదగిరి గారు విమల మేడాన్ని పిలిచారు. చెడ్డమనిషి కాడు. ఆయన బాధ ఆయనది. "మేడం, ఏథెన్స్‌ల కుండకు బొక్క ఉంటే మన పిల్లలకు నౌకరి ఎట్లొస్తది చెప్పుండ్రి?" అన్నారు. ఈ పేపరు తీసేసి "ఇంటర్వ్యూ నైపుణ్యాలు" అని ఇంకోటి పెడదామని ఆయన యూనివర్సిటీకి రాశారట. వాళ్ళ తరఫున ప్రొఫెసర్ విశ్వంభరం గారు వస్తారు, ఒక తరగతి చూస్తారు, ఆయన వద్దంటే జూన్ నుంచి పేపరు ఉండదు. పన్నెండేళ్ళ చదువు అటకెక్కుతుంది.

ఆ వారం విమల మేడం సరిగా అన్నం తినలేదు. ఆమెకు భయం వేసింది, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తన పేపరు ఎందుకు ఉండాలో ప్రొఫెసర్ గారికి చెప్పడానికి ఇరవై నిమిషాల పాఠం తయారు చేసుకుని, ఇంట్లో వంటింటి గట్టు మీద నన్ను గోడకు ఆనించి, నాకే ఆ పాఠం చెప్పుకున్నారు. ఇరవయ్యో నిమిషంలో నా వంక చూసేవారు, ఆపేసేవారు. మరోపక్క తరగతిలో పిల్లలకు మిగిలిన పాఠాలు కూడా చెప్పారు. ఉత్తర అమెరికా ఆదివాసుల సభల్లో ఒక మనిషి మాట్లాడి కూర్చున్నాక వెంటనే ఇంకొకరు లేచేవారు కాదట. చెప్పినవాడు ఏదైనా మరిచిపోయాడేమో, గుర్తొస్తే చెబుతాడేమోనని అందరూ ఐదారు నిమిషాలు కదలకుండా కూర్చునేవారట. మా తరగతి కూడా అది అలవాటు చేసుకుంది. మొదట్లో పగలబడి నవ్వారు గాని, రానురాను వాళ్ళకు అది నచ్చింది.

ప్రొఫెసర్ గారు రానే వచ్చారు. ఉదయం పదకొండున్నరకు తరగతి, ఒంటిగంటకు ఆయనకు భోజనం, తర్వాత కారు. పద్నాలుగు మంది ఉన్న గదిలో ప్రిన్సిపల్ గారు గౌరవంగా బల్ల మీద మైకు కూడా పెట్టించారు. విమల మేడం లేచి నిలబడ్డారు. అదే సమయానికి ప్రొఫెసర్ గారూ లేచారు.

"నేను పాఠం విననీకి వచ్చిన. దానికంటె ముందు రెండు మాటలు చెప్పి కూసుంట."

ఆ రెండు మాటలూ క్లుప్తత గురించి. మంచి వక్త ఎంత తక్కువగా మాట్లాడాలో ఆయన చెప్పడం మొదలుపెట్టారు. పన్నెండు అయింది. పిల్లలు నోట్సులు తెరిచి చకచకా రాసుకోసాగారు. పాపం, తను చెప్పేది రాసుకుంటున్నారనుకున్నారు ప్రొఫెసర్ గారు. వాళ్ళు రాస్తున్నది ఓటమి లెక్క. చెప్పిందే చెప్పినప్పుడు ఒక గీత, సంబంధం లేని చోటికి వెళ్ళినప్పుడు ఒక గీత. పన్నెండుంబావుకు ఇరవై రెండులో పంతొమ్మిది చోట్ల ఆయన ఓడిపోయి ఉన్నారు. కానీ ఇంత శ్రద్ధగా రాసుకునే విద్యార్థులను ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. ముఖం వెలిగిపోయింది. "మీ ఆసక్తి చూస్తుంటే ఇంకొంచెం వివరంగా చెప్పాల్ననిపిస్తున్నది" అన్నారు.

విమల మేడం నన్ను ఫైల్లోంచి తీశారు. మళ్ళీ లోపల పెట్టారు. మళ్ళీ తీశారు. ఆమె చేతి చెమట నాకు తెలుస్తూనే ఉంది. ఏ దేశంలో ఎవరిని ఎలా ఆపారో ఆమెకు కంఠతా వచ్చు. తన కాగితం మీద సంతకం పెట్టవలసిన మనిషిని ఎలా ఆపాలో మాత్రం ఏ దేశంవాళ్ళూ రాసిపెట్టలేదు. పన్నెండు నలభై అయింది. ఇంకో ఇరవై నిమిషాలకు ఆయన భోజనానికి వెళతారు, ఆమె పాఠం ఆమె గొంతులోనే ఉండిపోతుంది, పేపరు పోతుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకున్నారు.

ముందు బెంచీలోంచి సాలమ్మ చెయ్యి చాచింది. విమల మేడం నన్ను ఇచ్చారో, సాలమ్మే తీసుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. సాలమ్మ లేచి, కొంగు సర్దుకుని, నడిచింది. ప్రొఫెసర్ గారి దగ్గరికి కాదు. ఆయన పక్కన కూర్చున్న ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్ళి, నన్ను ఆయన చేతిలో పెట్టి, మెల్లగా చెప్పింది:

"మా క్లాసుల పెద్దోళ్ళతోని నేరుగ మాట్లాడం సార్. పక్కోళ్ళతోని చెప్పిస్తం. మీరు చెప్పుండ్రి."

యాదగిరి గారికి ఒక అలవాటుంది. చేతికి చీటీ అందితే చాలు, మైకులో చదివేస్తారు. కాలేజీ ఫంక్షన్లలో అడ్డంగా పెట్టిన బండ్ల నంబర్లూ దొరికిన తాళంచెవులూ ఆయన నోటి మీదుగానే ప్రపంచానికి తెలుస్తాయి. మైకు మీదికి వంగి, గొంతు సవరించుకుని, ఖంగుమని చదివారు:

"దయచేసి ముగించండి."

చదివాక చూసుకున్నారు, ఏం చదివారో.

ప్రొఫెసర్ గారు నిలబడ్డవారు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డారు. ప్రిన్సిపల్ గారు పరువు దక్కించుకోవడానికి గబగబా చప్పట్లు మొదలుపెట్టారు. రెండు చప్పట్లు కొట్టేసరికి తనొక్కరే కొడుతున్నానని తెలిసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పద్నాలుగు మందీ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. వాళ్ళకు నేర్పిన మర్యాద అది. మాట్లాడినవారు ఏదైనా మరిచిపోయారేమోనని ఆగుతున్నారు.

ఒక నిమిషం అయింది. ఫ్యాను కిర్రుమంటున్నది. ప్రొఫెసర్ గారు మంచినీళ్ళు తాగారు. రెండో నిమిషంలో వరసగా ఒక్కొక్క ముఖమే చూశారు. ఏ ముఖంలోనూ ఎగతాళి లేదు. అంతమంది తన కోసం ఆగడం ఆయనకు కొత్త. తన ఉపన్యాసం అయిపోయిందంటే చప్పట్లు, కుర్చీల చప్పుడు, వందన సమర్పణ, ఇవే ఆయనకు తెలుసు. మూడో నిమిషంలో ప్రిన్సిపల్ గారి చేతిలోంచి నన్ను తీసుకుని చదివారు. నాలుగో నిమిషంలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఐదో నిమిషంలో అన్నారు:

"ఒకటి మరిచిపోయిన. నేను విననీకి గద వచ్చింది. చెప్పండమ్మా."

తర్వాత ఏమైందని అడుగుతారు మీరు. ఇరవై రోజులకు యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది, పేపరు ఉంది. మరుసటి ఏడాది ముప్పై మంది చేరారు. యాదగిరి గారు చేతికొచ్చిన చీటీని ముందు మనసులో చదువుకోవడం నేర్చుకున్నారు. నా అంచులు అరిగిపోయాయి, ఎర్ర సిరా వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. కాలేజీ వరండాలో అద్దాల బీరువాలో, ఒక చిల్లికుండ పక్కన పెట్టారు నన్ను. ఎవరూ ముట్టుకోరు. కాస్త పొద్దుపోదు గాని, మర్యాదగానే ఉంది.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ మధ్యాహ్నం మిగతా భాగం. విమల మేడం లేచి మొదలుపెట్టారు. వంటింట్లో నాకు చెప్పిన పాఠం కాదు అది. మాట్లాడడం నేర్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారనీ, తమ వంతు కోసం ఆగినవాళ్ళకు ఆ వంతు ఇప్పించడానికి మనుషులు ఎన్ని దేశాల్లో ఎన్ని తంటాలు పడ్డారో చెప్పేవాళ్ళు లేరనీ, తాను ఆ పని చేస్తున్నాననీ అన్నారు. సాలమ్మను లేపి, ఐదేళ్ళు కుర్చీలో కూర్చుని చెప్పలేకపోయిన మాట ఏదైనా ఒకటి చెప్పమన్నారు. సాలమ్మ తన ఊరి బడికి నీళ్ళ పైపు ఎటునుంచి వేయాలో చెప్పింది. ఇప్పుడు వేసింది తప్పు దారినట. ప్రొఫెసర్ గారు అది రాసుకున్నారు. ఒంటిగంట కొట్టింది. ప్రిన్సిపల్ గారు "భోజనం సల్లారుతది సార్" అని గొణిగి, బల్ల మీదున్న నన్ను విమల మేడం వైపు జరపబోయారు. ప్రొఫెసర్ గారు అరచెయ్యి నా మీద పెట్టారు. "ఉండనీయుండ్రి" అన్నారు.

నేను బయటికి వచ్చాక ఏ మాటా మాటలా సాగేది కాదు. కొందరు కంగారుపడేవారు, కొందరు మొండికేసేవారు. ఒక మనిషి తన మాటను మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చెప్పుకోవడం నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజు ఆ అరచేతి కింద పడుకుని విన్నాను. ఒంటిగంటా ఇరవైకి విమల మేడం తనంతట తానే ఆపారు. నాకు ఇంకాసేపు చెబితే బాగుండుననిపించింది.